వంతెన మీద నిమ్మకాయ

కారు ఆవిడ ఇంట్లోదే. నడపాల్సిన అవసరమూ ఆవిడదే. గేర్ల బండి నేర్పం, పొమ్మన్నది మాత్రం మా డ్రైవింగ్ స్కూలు. ఆవిడ చేసిన నేరం ఏమిటంటే యాభై దాటిన ఆడమనిషి కావడం, అందులోనూ దివిసీమ పల్లెటూరి నుంచి బస్సులో రావడం. ఇది అన్యాయం. ఆ రోజూ అన్నాను, ఇవాళా అంటున్నాను. రేపెవరైనా వచ్చి "అదేమంత పెద్ద విషయం బాబాయ్" అన్నా మళ్ళీ ఇదే అంటాను.

ఇక మొదట్నించి చెబుతాను.

నేను బళ్ళో చదివింది ఐదో తరగతి. ఆ పైన చదివిందంతా బస్సు దగ్గరే. గుడివాడ డిపోలో డ్రైవరుగా చేరిన కొత్తల్లో వర్క్‌షాపు మూల పడేసిన పాత పుస్తకాలు అడిగి తెచ్చుకునేవాణ్ణి. అన్నీ ఇంగ్లీషువి. బొమ్మను బట్టి మాట, మాటను బట్టి అక్షరం, అలా తలకిందులుగా నేర్చుకున్నాను. గేరుపెట్టెలో ఏ పళ్ళచక్రం దేన్ని పట్టుకుంటుందో నేల మీద పుల్లతో గీసి చెప్పగలను. ఆ రోజుల్లో బస్సు గేరు రాడ్డు నేల మీంచి మనిషి మొలదాకా ఉండేది. వేస్తే ఆ దెబ్బ భుజంలో తెలిసేది. మా భుజాలు ఇప్పటికీ వాన రాబోయే ముందు ఆ సంగతి గుర్తు చేస్తుంటాయి.

రిటైరయ్యాక బందరులో ఒక డ్రైవింగ్ స్కూల్లో కుదిరాను. మేస్టారూ అని పిలిపించుకోవడం కోసమే కుదిరానని మా ఆవిడ అంటుంది. అంటే అననివ్వండి. ఐదో తరగతి వాణ్ణి ఊరికే ఎవరు పిలుస్తారు మేస్టారూ అని?

ఇప్పుడు అక్కడా మానేశాను. అయినా కొత్తగా స్టీరింగు పట్టుకోబోయే పిల్లలు దారిలో ఆపి అడుగుతూనే ఉంటారు: "తాతయ్యా, ఆటోమేటిక్ నేర్చుకోమంటారా, గేర్లదా?" ఒక్క మాటలో చెప్పే జవాబు నా దగ్గర లేదు. ఈ కథ ఉంది. ఓపిగ్గా చదవండి.

మా స్కూలు బళ్ళకి ఎడమ సీటు కింద కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉండేవి, నేర్పేవాడి కాళ్ళకి అందేలా. నాతోపాటు ఇంకో మేస్టారుండేవాడు, నన్ను బావగారూ అని పిలిచేవాడు, నేనూ అతన్ని బావగారనే అనేవాణ్ణి. అతని దగ్గర నేర్చుకున్నవాళ్ళు వారం తిరక్కుండానే బండి సాఫీగా నడిపేవాళ్ళు. కారణం ఏమిటంటే కింద క్లచ్చు తొక్కుతున్నది అతని కాలు. పైన స్టీరింగు తిప్పుతూ "అబ్బో, నాకు వచ్చేసింది" అనుకుంటున్నది వాళ్ళు. ఇంటికెళ్ళి సొంత బండి ఎక్కగానే గేటు గుద్దేవాళ్ళు. నేను అలా చేయను. బండి ఎక్కగానే సీటు మీద మఠం వేసుకుని కూర్చునేవాణ్ణి, నా కాళ్ళు ఎక్కడున్నాయో నేర్చుకునేవాళ్ళకి కనపడాలని. "బావగారూ, అలా మఠం వేసుకుని కూర్చుంటే ఏదో ఒక రోజు సమాధి అవుతారు" అనేవాడు అతను.

నాకు ఇంకో పద్ధతి ఉండేది. కొత్త బండి కొన్నవాళ్ళు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు కదా. నా దగ్గర దానికి తిరగబడిన లెక్క. కాలువల మీద మా వైపు వంతెనలు ఎలా ఉంటాయో తెలుసుగా, నున్నటి దారి ఉన్నట్టుండి గుర్రం వీపులా లేచి మళ్ళీ దిగిపోతుంది. ఆ ఎత్తు మధ్యలో బండి ఆపించి, దిగి, వెనక చక్రానికి నాలుగు వేళ్ళ దూరంలో ఒక నిమ్మకాయ పెట్టేవాణ్ణి. అక్కణ్ణించి బండి వెనక్కి జారకుండా ముందుకు పోవాలి. కాయ నలిగితే మళ్ళీ రేపు రావాలి. నలక్కపోతే ఆ కాయ నీదే, నువ్వు డ్రైవరువి. లైసెన్సు సర్కారు ఇస్తుంది, నిమ్మకాయ నేనిస్తాను అనేవాణ్ణి. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి, ఆ కాయని దేవుడి పటం దగ్గర పెట్టుకున్నవాళ్ళున్నారు.

ఇంతలో మా స్కూలాయన ఆటోమేటిక్ కారు కొన్నాడు. ఆయన నా కొడుకు వయసువాడు, మంచివాడే, ఏ కొత్త వస్తువు కనిపించినా అది తనకోసమే పుట్టిందనుకుంటాడు. "బాబాయ్, నువ్వే ముందు తోలాలి" అన్నాడు. తీసుకెళ్ళి వంతెన ఎక్కించాను. మధ్యలో ఆపాను. చేతిబ్రేకు లాగి దిగి, వెనక చక్రం దగ్గర నిమ్మకాయ పెట్టి, మళ్ళీ ఎక్కి చేతిబ్రేకు దించి, మెల్లగా బ్రేకు మీంచి కాలు తీశాను.

బండి జారలేదు.

క్లచ్చు లేదు. క్లచ్చు సగం వదిలి అరక్లచ్చు మీద ఆడే ఆట లేదు. పిక్కలో వణుకు లేదు. తనంతట తాను నిలబడింది, నేను ఏమంటానో అని ఎదురుచూస్తున్నట్టు. కొంచెం ఆక్సిలేటరు ఇచ్చేసరికి చీమ పాకినట్టు ముందుకు కదిలింది. దిగి చూస్తే కాయ పెట్టినచోటే ఉంది. నా ఉద్యోగమంతా కాళ్ళతో నేర్చుకున్న విద్య ఆ పెట్టెలోకి ఎవరో ఎక్కించి మూత పెట్టేశారు. కోపం రావాలి నిజానికి. రాలేదు. వంతెన గోడ మీద కాసేపు కూర్చున్నాను. ఇంతటి పని చేసిన మనుషులు ఎక్కడో ఉన్నారు, వాళ్ళ మొహాలు నాకు తెలియవు అనుకుంటే ఒళ్ళు జలదరించింది.

అందుకని, ఆటోమేటిక్ అంటే నాకు పడదని ఎవరైనా అంటే నమ్మకండి. నాకు పడనిది వేరు. ఆ బండి వచ్చిన నెలలోనే మా స్కూలాయన ఒక రూలు పెట్టాడు. నలభై దాటిన ఆడవాళ్ళకి ఆటోమేటిక్ మాత్రమే నేర్పాలి, గేర్ల బండి ఇవ్వకూడదు. క్లచ్చు ప్లేట్లు కాల్చేస్తున్నారని వంక. మగవాళ్ళు కాల్చిన ప్లేట్లు షెడ్డులో గుట్టగా పడున్నాయి, వాటి గురించి రూలు లేదు.

సరిగ్గా అప్పుడొచ్చింది ఆవిడ.

అవనిగడ్డ అవతల ఒక ఊరు. బ్లౌజులు కుడుతుంది. బొటనవేలికి సూది గుచ్చుకున్న మచ్చలు, మెళ్ళో టేపు తీయడం మర్చిపోయి బస్సెక్కేసింది. భర్త లారీ డ్రైవరు, చేపల లోడుతో కలకత్తా దాకా తోలినవాడు. లారీ దిగాక పాత చిన్న కారు ఒకటి కొనుక్కుని ఊళ్ళోవాళ్ళని ఆసుపత్రులకి, పెళ్ళిళ్ళకి తిప్పేవాడు. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. వారానికి మూడుసార్లు బందరు తీసుకొచ్చి వ్యాయామం చేయించాలి, ఆపితే ఉన్న చలనం కూడా పోతుందన్నారట డాక్టర్లు. బస్సెక్కించలేదు. ఆటోలో ఆ కుదుపులకి ఆయన పక్కకి ఒరిగిపోతాడు. కిరాయి డ్రైవర్లు వస్తామన్న రోజు రారు. అప్పటికే చాలా వారాలు తప్పిపోయాయి.

"అందుకని నేనే నేర్చుకుందామని వచ్చానండీ. బండి ఇంట్లోనే ఉంది" అంది.

మా స్కూలాయన కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. మర్యాదకి లోటు చెయ్యడు.

"గేర్ల బండి మీ వల్ల కాదమ్మా. ఆ పాతది ఎక్స్‌ఛేంజికి ఇచ్చేసి ఆటోమేటిక్ తీసుకోండి, నేను మాట్లాడి పెడతాను. ఎడమ కాలికి పనుండదు, ఎడమ చేతికి పనుండదు. అసలు మీవారే నడుపుకోవచ్చేమో కూడా!"

"ఆయనకి ఎడం పక్క ఏముందో ఆనడం లేదండీ. పళ్ళెంలో ఎడం వైపున్న కూర అలాగే వదిలేస్తున్నారు, పళ్ళెం తిప్పి పెడితే అప్పుడు తింటున్నారు. స్టీరింగు పట్టుకోనివ్వొద్దన్నారు డాక్టరుగారు."

"సరే, మీరే నడపండి. ఆటోమేటిక్ అయితే ఇవాళే మొదలెడదాం."

"ఆ కారు ఆయనదండీ. అడక్కుండా ఎలా ఇచ్చేస్తాను?"

"అడగండి మరి."

"అడిగానండీ. జబ్బు చేశాక మాట్లాడ్డమే మానేశారు." మెళ్ళో టేపు తీసి చుట్టుకుంటూ అంది, "మాట ముద్దగా వస్తోందని సిగ్గండీ ఆయనకి. లారీ మీదున్నప్పుడు ఊరంతా వినపడేది ఆ గొంతు."

నాకు లోపల ఉడికిపోతోంది. "అబ్బాయ్, నేర్పడం మన పని. ఏ బండి కావాలో చెప్పడం ఆవిడ పని" అన్నాను.

"నువ్వింకా బస్సుల కాలంలోనే ఉన్నావు బాబాయ్."

"ఉన్నాను. బస్సుల కాలంలో ఆడవాళ్ళు ఎక్కితే ఎక్కడ దిగాలో వాళ్ళే చెప్పేవాళ్ళు. కండక్టరు చెప్పేవాడు కాదు."

మా బావగారు వెనకనించి కిసుక్కున నవ్వాడు. స్కూలాయన మొహం ఎర్రబడింది. "అంత సరదాగా ఉంటే వాళ్ళ బండి మీదే నేర్పుకో. మా బోర్డు మాత్రం దానికి తగిలించకు" అన్నాడు. సరేనన్నాను.

అలా పొద్దున్నే బందరు బస్టాండులో బస్సెక్కి, పెన్షనుదారుడి పాసు చూపించి, అవనిగడ్డలో దిగడం మొదలైంది. ఆవిడ కారు తుడిచి పెట్టుకుని ఉండేది. ఎక్కగానే కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసేది. వాళ్ళు క్రైస్తవులు. "ఆమెన్" అన్నాక తాళం తిప్పేది. మొదటి రోజు నాకు తెలియక నేనూ ఆమెన్ అనేశాను, ఆ తర్వాత అది అలవాటైపోయింది.

ఇక ఆవిడ క్లచ్చు తొక్కడం చూడాలి. మీలో కుట్టుమిషను ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. మిషను పాదం మీద మడమా వేళ్ళూ ఊగుతూనే ఉండాలి, ఆగితే దారం తెగుతుంది. ఆవిడ క్లచ్చుని అలాగే ఊపింది. బండి కుందేలులా గెంతులేసుకుంటూ పోయి ఎండబోసిన ధాన్యం ముందు ఆగిపోయింది. ధాన్యం కాపలా ఉన్న ముసలమ్మ లేచి, "ఓసి నీ కారు బంగారం గానూ, తోలుతున్నావా, దంచుతున్నావా?" అంది.

"నేర్చుకుంటున్నానత్తా!"

"నా వడ్ల మీదా నేర్చుకునేది?"

స్కూలు బండి అయితే నా కాలు సాయం చేసేదేమో, ఆ కారులో నా వైపు పెడల్సు లేవు. చేతిబ్రేకు గుప్పిట్లో పట్టుకుని కూర్చునేవాణ్ణి. రెండు మూడు వారాలు గెంతింది ఆ బండి. తిట్టానా? తిట్టాను. ఆవిడ ఊరుకుందా? "మేస్టారూ, మీరు అరిస్తే నా కాలికి వినపడదండీ, చెవికే వినపడుతుంది" అంది. చివరికి ఒక రోజు ఇంటి దగ్గర మిషను ముందు కూర్చోమన్నాను. కుట్టు చివరికొచ్చి సూది గుడ్డలో దిగిన చోట ఆపాలంటే కాలు ఏం చేస్తుందో చూశాను. ఊపు ఆపి, పాదం గాల్లో ఉన్నట్టు నిలబెట్టింది. "అదే. అరక్లచ్చంటే అదే. సూది గుడ్డలో ఉండగా ఆగు" అన్నాను. మర్నాడు బండి గెంతలేదు.

వంతెన దగ్గరికి వచ్చేసరికి నేను జేబులోంచి నిమ్మకాయ తీశాను. ఆవిడ కంగారుపడింది.

"మేం నిమ్మకాయలు పెట్టమండీ."

"పూజకి కాదమ్మా, పరీక్షకి."

"పరీక్షకైతే పెట్టండి. నలక్కపోతే పులిహోరకి పట్టుకెళ్తాను."

ఎన్ని నలిగాయో చెప్పను, ఆవిడ చదివితే బాధపడుతుంది. ఒక్కటి నలిగినప్పుడు కూడా దిగి చూడలేదు. "ఇంకోటి పెట్టండి" అనేది, అంతే. ఒకరోజు నలగలేదు. వంతెన దిగువ సోడాబండి దగ్గర ఆ కాయ పిండించి ఇద్దరం తాగాం. అంత పుల్లటి సోడా ఎప్పుడూ తాగలేదు. ఆవిడ మాత్రం తీపిగా ఉందంది.

లైసెన్సు పరీక్ష ఒక్కసారికే పాసయింది, తన చేత్తో గేర్లు వేసుకుని, తన కాలితో. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఆయన్ని ఎక్కించుకుని మొదటిసారి బందరు బయల్దేరే రోజు నన్ను వెనక సీట్లో కూర్చోమంది. ఇరుగుపొరుగు పట్టుకుంటే ఆయన్ని ముందు ఎడమ సీట్లో కూర్చోబెట్టారు. అన్ని రోజులు వాళ్ళింటికి వెళ్ళానుగానీ ఆయన్ని దగ్గర్నించి చూడ్డం అదే. పెద్ద విగ్రహం. మొహం కిటికీ వైపు పెట్టుకుని కూర్చున్నాడు. నమస్కారం పెడితే తలూపాడు, అంతే. తన బండిలో ఎడమ సీట్లో కూర్చోవడం ఎలాంటిదో నాకు తెలుసు. నేనూ డ్రైవర్నే.

ఆమెన్ అన్నాం ఇద్దరం. బయల్దేరాం.

ఆవిడకి ఆ రోజు భయంగా ఉంది. గేరు మార్చాల్సిన చోట ఆలస్యం చేస్తోంది, ఇంజను రెండో గేరులో గీపెడుతోంది. ఏమీ అనకూడదని నోరు బిగపట్టుకున్నాను. అప్పుడు గమనించాను. ఆయన కుడి చెయ్యి తొడ మీద ఉంది. ఇంజను గీపెట్టినప్పుడల్లా ఆ చేతి వేళ్ళు ముడుచుకుంటున్నాయి. మొహం మాత్రం కిటికీ వైపే.

వంతెన మధ్యకి ఎక్కించి ఆపింది. "నిమ్మకాయ తెచ్చారా మేస్టారూ?" అంది.

"ఇవాళ ఎందుకమ్మా?"

"పెట్టండి. ఆయన చూడాలి."

దిగి పెట్టాను. పెట్టి లేచేసరికి ఎదురుగా వంతెన నడినెత్తిన గడ్డి ట్రాక్టరు. మా వైపు ఒక మర్యాద ఉంది, వంతెన మీద లోడు బండి ఎదురైతే ఖాళీ బండి ఆగాలి. ఆవిడ ఆగే ఉంది. ట్రాక్టరు వాడు దిగుతూ వచ్చాడు. వరిగడ్డి రెండు పక్కలా పొంగి ఉంది. కారు కుడిపక్కంతా రాసుకుంటూ, అద్దం విరిచినంత పని చేస్తూ, కిటికీలోంచి గడ్డి ఆవిడ ఒళ్ళో పడేస్తూ వెళ్ళింది. ఆవిడ ఉలిక్కిపడి క్లచ్చు వదిలేసరికి ఇంజను ఆగిపోయింది. వెనక అప్పటికే ఒక బస్సు, దాని వెనక ఆటోలు. హారన్లే హారన్లు.

నేను పరుగెత్తి ఎడమ కిటికీ దగ్గరికి వచ్చాను. ఆవిడ గేరు న్యూట్రల్ చేసి తాళం తిప్పింది, ఇంజను అందుకుంది. ఎడమ కాలు క్లచ్చు మీద, కుడి కాలు బ్రేకు మీద, రెండూ సరిగ్గానే ఉన్నాయి. చేతులు మాత్రం స్టీరింగుకి అతుక్కుపోయాయి.

"మేస్టారూ, చెయ్యి రావడం లేదండీ."

"వస్తుందమ్మా. మెల్లగా..."

నా మాట పూర్తి కాలేదు. ఆయన కుడి చెయ్యి తొడ మీంచి లేచింది. గేరు రాడ్డు మీద అరచెయ్యి పెట్టలేదు, రెండు వేళ్ళు ఆనించి మొదటి గేరులోకి నెట్టాడంతే. చప్పుడు కూడా కాలేదు. ఆ తర్వాత రాడ్డు తలమీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాడు. లారీ క్లీనర్లు బండి దారిలో పడ్డాక తొట్టి మీద రెండు దెబ్బలు కొడతారే, రైట్ రైట్ అని, ఆ రెండు దెబ్బలు.

ఆవిడ పాదం సూది దగ్గర ఆగినట్టు ఆగింది. బండి ముందు భాగం ఒక పిసరు లేచింది. బ్రేకు వదిలింది. కారు వంతెన ఎక్కేసింది.

నిమ్మకాయ పెట్టినచోటే ఉంది. దాన్ని తీసుకుని నేను ఎత్తెక్కి పరుగెత్తాను. ఎందుకు పరుగెత్తానో తెలియదు, వాళ్ళు అవతల ఆగకుండా ఎక్కడికి పోతారు? బస్సు డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి, "ఏంటి పెద్దాయనా, దిష్టి తీస్తున్నావా?" అని అరిచాడు. అవునన్నాను.

అవతల ఆగి ఉన్నారు. ఎక్కి కూర్చున్నాను. ఆవిడ క్లచ్చు తొక్కింది. ఆయన చెయ్యి రాడ్డు మీదే ఉంది. రెండు. ఇంజను ఒక రాగం దాకా వెళ్ళింది, ఆవిడ పాదం దిగింది, మూడు. మోపిదేవి వచ్చేసరికి నాలుగు. చల్లపల్లిలో గేదెలు అడ్డమొస్తే రెండుకి దిగాడు, ఆవిడ తొక్కడమూ ఆయన లాగడమూ ఏది ముందో నాకు తెలియలేదు. నేను వెనక సీట్లో కూర్చుని ఇద్దరి భుజాల మధ్యనించి చూస్తున్నాను. ఆయన మొహం ఇంకా కిటికీ వైపే ఉంది. ఆవిడ దారి వైపే చూస్తోంది. ఒకరికి చెప్పకుండా ఒకరు చేస్తున్న పని అది. గేరుపెట్టె లోపల పళ్ళచక్రాలు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో ఎన్నో బొమ్మల్లో చూశాను, విప్పిన పెట్టెల్లో చూశాను. బండి పైభాగంలో, మనుషుల్లో చూడ్డం అదే మొదలు. ఘంటసాల అడ్డరోడ్డు దాటాక నా కళ్ళద్దాలు తుడుచుకున్నాను. గడ్డి దుమ్ము అనుకోండి.

బందరులో ఆసుపత్రి దగ్గర ఆయన్ని దింపాక ఆవిడ నిమ్మకాయ అడిగి తీసుకుంది. ఆయన ఎడమ చెయ్యి తెరిచి అందులో పెట్టింది. వేళ్ళు మూసుకోలేదు. కాయ జారి కింద పడింది. తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ పడింది. మూడోసారి పెట్టి, తన చేత్తో ఆ వేళ్ళని మూసి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

ఈ సంగతి స్కూల్లో చెప్పాను. మా బావగారు నోరెళ్ళబెట్టాడు. స్కూలాయన లేచి వెళ్ళాడు. ఆ ఆదివారం ఆటోమేటిక్ కారు తనే తోలుకుంటూ వాళ్ళ ఊరు వెళ్ళాడు, నన్నూ ఎక్కించుకుని. "అమ్మా, ఆ రోజు మీతో అలా అనుండాల్సింది కాదు. గేర్ల బండి వచ్చిన మీకు ఇదీ వచ్చినట్టే. ఒకసారి ఇది కూడా నడిపి చూడండి, నచ్చితేనే" అన్నాడు. అలా అడగడం నాకు నచ్చింది. మొదటి రోజు అలా అడిగుంటే ఈ కథే ఉండేది కాదు.

ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడ అవనిగడ్డ దాకా నడిపింది. కుదుపు లేదు, చెమట లేదు. దిగి నా దగ్గరికొచ్చి మెల్లగా అంది, "నిజం చెప్పాలంటే ఇదే హాయిగా ఉంది మేస్టారూ. రోజంతా మిషను తొక్కి, మళ్ళీ ఆ క్లచ్చు తొక్కాలంటే మోకాలు పీకుతోంది."

అది కూడా నిజమే కదా. దానికితోడు నాకో బెంగ పట్టుకుంది. ఒక బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండకూడదు. ఏదో ఒక రోజు ఆవిడ బ్రేకు అనుకున్నచోట ఆయన గేరు అనుకుంటే? ఆ ట్రాక్టరు స్థానంలో బస్సుంటే? నలభై ఏళ్ళ కింద నాకు పక్కనుండి ఎవరైనా గేరు వేస్తే వాణ్ణి దింపేసి పోయేవాణ్ణి. అందుకని గేర్ల బండి కోసం స్కూలాయనతో పోట్లాడిన నేనే ఆయన కిటికీ దగ్గర నిలబడి అడిగాను.

"ఏవయ్యా, బండి నీది. ఆవిడకి ఇది సుఖంగా ఉంది. పాతది ఇచ్చేద్దామా, ఉంచుదామా? నువ్వు చెప్పిందే జరుగుతుంది."

ఆయన కుడి చెయ్యి సీట్ల మధ్యకి వెళ్ళింది. ఆటోమేటిక్‌లో అక్కడున్న పొట్టి కర్ర మీద ఆగింది, వెనక్కొచ్చి ఒళ్ళో పడింది. నా వైపు చూశాడు. పెదవి కదిలినట్టే కదిలి ఆగిపోయింది. మొహం తిప్పుకున్నాడు.

"తొందరేం లేదు" అన్నాను.

ఆవిడా తొందరపెట్టలేదు. మోకాలికి నూనె రాసుకుని పాత కారే నడిపింది. ట్రాఫిక్కు ఉన్నచోట తన గేర్లు తనే వేసుకోవాలి, ఖాళీ రోడ్డు మీద మాత్రమే ఆయన చెయ్యి అని నేను పెట్టిన షరతు తప్పలేదట. మా ఊళ్ళో నేను మొండివాణ్ణని పేరు. ఆ ఇద్దరి ముందు నా మొండితనం ఏపాటిది?

చలికాలం పోయింది, ఎండాకాలం పోయింది. కాలువలకి మళ్ళీ నీళ్ళు వదిలారు. ఈలోగా నేను స్కూలు మానేశాను, పాత బండి ఇచ్చేద్దామా ఉంచుదామా అన్న ఆ ప్రశ్న కూడా ఇంక వదిలేశాను. ఒక సాయంత్రం ఫోను మోగింది. ఆవిడ నంబరు. ఎత్తితే మాట లేదు, వెనక కుట్టుమిషను చప్పుడు మాత్రం వినిపిస్తోంది. అంటే ఫోను ఆవిడ చేతిలో లేదు.

"ఎవరూ?" అన్నాను.

ఎవరో ఊపిరి కూడదీసుకుంటున్నారు. మిషను చప్పుడు ఆగింది. ఆ తర్వాత ఆ గొంతు, ముద్దగా, ఒక్కో మాటా ఎత్తు ఎక్కుతున్నట్టు, ఎక్కడా వెనక్కి జారకుండా వచ్చింది.

"గురువుగారూ... ఆ రోజు అడిగారు కదండీ... ఆటోమేటిక్ అయితే... నేను ప్యాసింజర్నండీ. ఈ పాతదాంట్లో... డ్యూటీలో ఉన్నాను."